జాక్ కైనేజ్: మెల్బోర్న్‌లో దొరికిన ప్రోటీను, పేగు వాపులో దాని పాత్ర

జాక్ కైనేజులు కణం లోపల, కణపొరకు ఆనుకుని పనిచేసే ఎంజైములు. ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ వంటి సైటోకైన్లు, అంటే కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్లు, కణాన్ని తాకినప్పుడు ఆ కబురును కేంద్రకం దాకా పంపడం వీటి పని. మనిషిలో ఇవి నాలుగే: జాక్1, జాక్2, జాక్3, టైక్2. మొదటి రెంటి జాడ 1989లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో దొరికింది. అప్పట్లో వాటి పనేమిటో ఎవరికీ తెలియదు. 2018 నాటికి వీటిని అడ్డుకునే మాత్ర అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు జబ్బుకు చికిత్సగా అమెరికాలో అనుమతి పొందింది. ఆ తర్వాత క్రోన్స్ వ్యాధికీ ఈ తరగతి మందు వచ్చింది. పేగులో మంట పెట్టే కబుర్లనూ, పేగును మాన్పే కబుర్లనూ మోసేది ఇవే కాబట్టి వీటిని దోషులుగా మాత్రమే చూస్తే కథ సగమే అర్థమవుతుంది.

జబ్బు

ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అనే పేరు కింద ప్రధానంగా రెండు జబ్బులున్నాయి. డాక్టర్లు రెంటినీ కలిపి ఐబీడీ అంటారు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. పురీషనాళంలో మొదలై ఎడం లేకుండా పైకి పాకుతుంది, పేగు లోపలి పొరను పుండు చేస్తుంది. రోజుకు ఏడెనిమిదిసార్లు నెత్తురు, జిగట కలిసిన విరేచనాలు, వెళ్లొచ్చినా ఇంకా వెళ్లాలనిపించడం, అర్ధరాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తడం దీని ముద్ర. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. మధ్యమధ్య బాగున్న భాగాన్ని వదిలేస్తూ, పట్టిన చోట పేగు గోడ మందమంతా తొలుచుకుంటూ పోతుంది. పేగు సన్నబడి ఆహారం అడ్డుపడటం, ఒక పేగు నుంచి మరో పేగుకో చర్మానికో దారి పడి ఫిస్టులా ఏర్పడటం ఇందులోనే ఎక్కువ.

పేర్లు దగ్గరగా ఉండటంతో ఐబీడీని ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌తో కలిపేయడం మామూలైపోయింది. ఐబీఎస్‌లో పేగు కదలిక, స్పర్శ తేడా చేస్తాయి కానీ కొలనోస్కోపీలో పుండ్లు కనిపించవు. మెల్బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన లో-ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతి ఐబీఎస్ కోసం వచ్చింది. దాంతో ఐబీడీ పుండ్లు మానవు.

ఆస్ట్రేలియాకు ఈ జబ్బుతో గట్టి సంబంధమే ఉంది. విక్టోరియా రాష్ట్రంలో జీలాంగ్ పట్టణం చుట్టూ ఉన్న బార్వాన్ ప్రాంతంలో జరిగిన సర్వే 2010లో అచ్చయింది. అక్కడ ఏడాదికి లక్ష మందిలో 29.6 కొత్త కేసులు తేలాయి. అప్పటికి ప్రపంచంలో నమోదైన ఎక్కువ రేట్లలో అదొకటి. తర్వాత ఆసియా దేశాలనూ ఆస్ట్రేలియానూ ఒకే పద్ధతిలో పోల్చిన అధ్యయనం 2013లో వచ్చింది. అందులో ఆస్ట్రేలియా రేటు లక్షకు 23.67 ఉంటే ఆసియా సగటు 1.37 మాత్రమే. అదే అధ్యయనం తర్వాతి విడతలో హైదరాబాద్ కూడా చేరింది. అప్పుడు ఆసియాలో అన్నిటికన్నా ఎక్కువ రేటు భారత్‌ది: లక్షకు 9.31. మనవాళ్లకు ఇది తెల్లవాళ్ల జబ్బు అనే మాటకు అక్కడితో కాలం చెల్లింది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో స్థిరపడిన భారతీయులకు అల్సరేటివ్ కొలైటిస్ స్థానికులకన్నా ఎక్కువగా వస్తోందని 1992 నాటి అధ్యయనమే చెప్పింది. 2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేలు. ఈ లెక్కలు వాళ్లకూ వర్తించేవే.

ప్రోటీను దొరికిన తీరు

1980ల చివర్లో ఆండ్రూ విల్క్స్ లుడ్విగ్ క్యాన్సర్ పరిశోధన సంస్థ మెల్బోర్న్ శాఖలో పనిచేసేవారు. పార్క్‌విల్ పేటలో రాయల్ మెల్బోర్న్ హాస్పిటల్ ఆవరణలో ఉండేది ఆ శాఖ. ఆయన వెతుకుతున్నది పేగు జబ్బుల మందును కాదు, టైరోసిన్ కైనేజులనే ఎంజైముల కుటుంబంలో ఇంకా బయటపడని సభ్యులను. ప్రోటీన్లలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములివి. కణాల పెరుగుదలలో వీటి పాత్ర తెలుసు కాబట్టి క్యాన్సర్ పరిశోధకుల కళ్లు వీటిమీదే ఉండేవి.

విల్క్స్ వాడిన పద్ధతి అప్పటికి సరికొత్తది. డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్‌ను వేడికి చెడని ఎంజైముతో చేయడం అప్పుడప్పుడే మొదలైంది. తెలిసిన టైరోసిన్ కైనేజులన్నిటిలోనూ దాదాపు మారకుండా ఉండే చిన్న అమైనో ఆమ్ల వరుసలు కొన్ని ఉన్నాయి. అలాంటి రెండు వరుసలకు సరిపోయేలా డీఎన్ఏ ప్రైమర్లను తయారుచేసి, ఎలుక రక్తకణాల జాతికి చెందిన ఎఫ్‌డీసీ-పీ1 కణాల నుంచి తీసిన సీడీఎన్ఏ మీద పీసీఆర్ నడిపారు. ఆ కుటుంబంలోని జన్యువు ఏదైనా సరే, ఆ రెండు వరుసల మధ్య ముక్క పెరిగి బయటపడాలి. పడ్డాయి. వాటిలో చాలావరకు అప్పటికే తెలిసినవే, రెండు మాత్రం ఎక్కడా లేనివి. ఈ ఫలితం 1989లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చయింది.

అప్పటికే కైనేజులు కుప్పలుగా బయటపడుతున్నాయి. అందుకే ప్రయోగశాలలో వీటిని సరదాగా ‘జస్ట్ అనదర్ కైనేజ్’ అనేవారు. జాక్ అనే పొడి అక్షరాలు అక్కడివే. పూర్తి వరుస చదివాక సరదా తగ్గింది. మామూలు కైనేజులో పనిచేసే భాగం ఒకటే ఉంటుంది. ఇందులో పక్కపక్కనే రెండున్నాయి. ఒకటి నిజంగా ఫాస్ఫేట్ తగిలిస్తుంది, రెండోది చూడ్డానికి అలాగే ఉన్నా దాని ప్రధానమైన పని మొదటిదాన్ని అదుపులో పెట్టడం. 1991లో విల్క్స్ బృందం ఈ కొత్త తరగతిని ప్రకటించింది. రోమన్ల రెండు ముఖాల దేవుడు జానస్ పేరు పెట్టింది. పొడి అక్షరాలు మారలేదు, గౌరవం పెరిగింది. న్యూయార్క్‌లో 1990లో వేరే బృందానికి దొరికిన టైక్2 ఈ కుటుంబానిదేనని తేలింది. జాక్3 1994లో వచ్చి చేరింది.

ఈ ఎంజైము దేనికి ఉపయోగమన్న ప్రశ్నకు జవాబు మెల్బోర్న్‌లో దొరకలేదు. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చినా స్పందించని కణాలను కొందరు పెంచుతూ వచ్చారు. అలాంటి ఒక కణజాతిలో లోపించినది టైక్2 అని 1992లో పారిస్‌లో సాండ్రా పెల్లెగ్రినీ బృందం చూపింది. మరుసటి ఏడాది జాక్1, జాక్2 లేని కణాల సంగతీ తేలింది. ఇంకోవైపు న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డార్నెల్ బృందం స్టాట్ అనే ప్రోటీన్లను పట్టుకుంది. అవి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను మేల్కొలిపేవి. రెండు ముక్కలూ కలిపితే దారి మొత్తం కనిపించింది.

కబురు నడిచే దారి

సైటోకైన్ వచ్చి కణం బయటి గ్రాహకాన్ని పట్టుకుంటుంది. గ్రాహకం లోపలి తోక దగ్గర జాక్ అంటిపెట్టుకుని ఉంటుంది. రెండు గ్రాహక భాగాలు దగ్గరైతే వాటి జాక్‌లూ దగ్గరవుతాయి, ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుని చురుకవుతాయి. తర్వాత గ్రాహకం తోకలోని టైరోసిన్లకు ఫాస్ఫేట్ పెడతాయి. ఆ గుర్తును చూసి స్టాట్ వచ్చి అక్కడ ఆగుతుంది. జాక్ దానికీ ఫాస్ఫేట్ పెట్టేసరికి రెండు స్టాట్‌లు జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుంటాయి. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. మధ్యలో మరో మెట్టు లేదు.

ఇంత సూటి దారికి బ్రేకు లేకపోతే ఒళ్లు నిలవదు. ఆ బ్రేకు దొరికిన చోట్లలో ఒకటి అదే పార్క్‌విల్‌లో, లుడ్విగ్ శాఖకు పక్కనే ఉన్న వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్. ఎం1 అనే ఎలుక ల్యుకేమియా కణాలకు ఇంటర్‌ల్యూకిన్-6 ఇస్తే అవి విభజన మాని పరిణతి చెందుతాయి. అక్కడి రాబిన్ స్టార్, డగ్ హిల్టన్ బృందం ఆ కణాల్లోకి రకరకాల జన్యువులను చొప్పించి, ఇంటర్‌ల్యూకిన్‌ను లెక్కచేయకుండా పెరుగుతున్న కణాన్ని ఏరి పట్టుకుంది. దానిలో చేరిన జన్యువే సాక్స్1. 1997లో నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. జపాన్ బృందాలు రెండు వేరే దారుల్లో అదే ప్రోటీనుకు చేరగా, వాటి పత్రాలూ అదే సంచికలో వచ్చాయి. సాక్స్1ను తయారుచేయమని ఆదేశించేది స్టాటే. తయారయ్యాక అది నేరుగా జాక్ నోటికి అడ్డుపడుతుంది. సాక్స్1 లేకుండా పుట్టిన ఎలుకపిల్లలు ఇంటర్‌ఫెరాన్-గామా రేపిన వాపుతో మూడు వారాల్లోపే చనిపోతాయి. జాక్‌ను వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

పేగులో జాక్

పేగు లోపలి పొర ఒక్క కణం మందమే. దానికి అటువైపు కోటానుకోట్ల బ్యాక్టీరియా, ఇటువైపు రోగనిరోధక కణాలు. ఐబీడీలో ఈ పొర ఎక్కడో తెగుతుంది, లేదా ఇటువైపు కణాలు అకారణంగా రెచ్చిపోతాయి. చాలామందిలో రెండూ కలిసే జరుగుతాయి. అక్కడి డెండ్రైటిక్ కణాలు, మ్యాక్రోఫేజులు ఇంటర్‌ల్యూకిన్-12, 23లను వదులుతాయి. ఆ రెంటి కబురూ టి-కణాల్లో జాక్2, టైక్2 జంట మీదుగానే పోతుంది. 12 అందుకున్న టి-కణాలు ఇంటర్‌ఫెరాన్-గామాను తయారుచేస్తాయి. దాని కబురు మోసేది జాక్1, జాక్2. ఇంటర్‌ల్యూకిన్-6కు ముఖ్యంగా జాక్1, టి-కణాలను పెంచే ఇంటర్‌ల్యూకిన్-2, 15, 21లకు జాక్1, జాక్3. సైటోకైన్లు ఎన్నో, మోసేవి నాలుగే.

జన్యు సాక్ష్యం కూడా ఇటే చూపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-23 గ్రాహకంలో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు క్రోన్స్ వచ్చే అవకాశం తక్కువని 2006లో తేలింది. తర్వాతి సర్వేల్లో జాక్2, టైక్2, స్టాట్3 జన్యువుల పరిసరాలు కూడా ఐబీడీతో ముడిపడి కనిపించాయి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వాపును చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 కూడా జాక్1, టైక్2ల మీదుగానే మాట్లాడుతుంది. దాని గ్రాహకం పుట్టుకతోనే చెడిపోయిన పసిపిల్లలకు నెలల వయసులోనే భయంకరమైన పేగు వాపు వస్తుందని 2009లో గుర్తించారు. పేగు పొర తిరిగి పెరగడానికి తోడ్పడే ఇంటర్‌ల్యూకిన్-22 నడిచే దారీ ఇదే. అంటే జాక్‌ను పూర్తిగా మూసేస్తే మంట పెట్టేవాళ్లతో పాటు ఆర్పేవాళ్ల నోరూ మూస్తాం. మాత్ర పనిచేస్తోందంటే అందుకు కారణం జాక్‌ను చంపేయకపోవడమే. రోజులో కొన్ని గంటలు కొంతమేర తగ్గిస్తే రోగి పేగులో హోరెత్తుతున్న వాపు కబుర్లు ముందుగా తగ్గుతాయన్నది ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. దీన్ని పూర్తి వివరణ అనలేం.

ఐబీడీ చికిత్సలో మొదటి పెద్ద మలుపు టీఎన్ఎఫ్ అనే మరో సైటోకైన్‌ను పట్టేసే యాంటీబాడీ ఇంజెక్షన్ ఇన్‌ఫ్లిక్సిమాబ్. క్రోన్స్‌కు 1998లో అనుమతి వచ్చింది. టీఎన్ఎఫ్ గ్రాహకం జాక్‌ను నేరుగా వాడుకోదు. అందుకే ఆ ఇంజెక్షన్లు పనిచేయని వాళ్లలో కూడా జాక్ మాత్రలు పనిచేసే వీలుంది. యాంటీబాడీ మందు ఇంట్లో ఒక్క ప్లగ్గు పీకేస్తే, జాక్ మాత్ర మెయిన్ దగ్గర వోల్టేజీ తగ్గిస్తుంది: బల్బులన్నీ మసకబారతాయి, ఫ్రిజ్జుతో సహా.

మాత్రలు

మొదట వచ్చింది టోఫాసిటినిబ్. ఫైజర్ కంపెనీ దీన్ని మార్పిడి చేసిన అవయవాలను ఒళ్లు తిప్పికొట్టకుండా ఉండేందుకు మొదలుపెట్టింది. 2012లో అమెరికాలో కీళ్లవాతానికి, 2018 మేలో అల్సరేటివ్ కొలైటిస్‌కు అనుమతి వచ్చింది. ఆక్టేవ్ పేరుతో జరిగిన పరీక్షల్లో 10 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు రెండుసార్లు ఇచ్చారు. ఎనిమిది వారాలకు మొదటి పరీక్షలో 18.5 శాతం మందికి జబ్బు శాంతించింది. డమ్మీ మాత్ర తీసుకున్నవాళ్లలో అది 8.2 శాతం. రెండోదాంట్లో 16.6కు 3.6. స్పందించినవాళ్లను ఏడాది కొనసాగిస్తే 5 మిల్లీగ్రాముల మోతాదులో 34.3, 10లో 40.6 శాతం మందికి నెమ్మదించింది, డమ్మీ మీద ఉన్నవాళ్లలో 11.1. అంకెలు చూస్తే అద్భుతమేమీ కాదు. అయితే ఈ పరీక్షల్లో చేరినవాళ్లలో సగానికి పైగా అప్పటికే టీఎన్ఎఫ్ మందులు వాడినవాళ్లని గుర్తుంచుకోవాలి.

అంకెల్లో కనిపించని గుణం వేగం. కొందరిలో మూడో రోజుకే విరేచనాల సంఖ్య, నెత్తురు తగ్గుతాయి. అణువు చిన్నది, మూడొందల పైచిలుకు డాల్టన్లు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ దాదాపు లక్షా యాభై వేలు. మాత్రగా మింగొచ్చు, ఒళ్లు దీనికి విరుగుడు యాంటీబాడీలు తయారుచేయదు, ఆపితే రెండు రోజుల్లో బయటికి పోతుంది.

జాక్1 వైపు మొగ్గే ఉపాడాసిటినిబ్ తర్వాత వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్‌కు 2022లో, క్రోన్స్‌కు 2023లో అమెరికా అనుమతి దొరికింది. రోజుకు 45 మిల్లీగ్రాములు ఎనిమిది వారాలు ఇచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో 26, 34 శాతం మందికి జబ్బు శాంతించింది, డమ్మీలో 5, 4. క్రోన్స్ దగ్గర టోఫాసిటినిబ్ నిలవలేదు, మరో జాక్ మాత్ర ఫిల్గోటినిబ్ తప్పింది, ఉపాడాసిటినిబ్ గెలిచింది. ఎందుకన్నదానికి తేలిక జవాబు లేదు. సోరియాసిస్‌లో నెగ్గిన డ్యూక్రావాసిటినిబ్ టైక్2లో అదుపు చేసే ఆ రెండో ముఖాన్ని పట్టుకుంటుంది. అల్సరేటివ్ కొలైటిస్ రెండో దశ పరీక్షలో అది అనుకున్న ఫలితం ఇవ్వలేదు. ఎంత సూటిగా గురి పెడితే అంత మంచిదన్న లెక్క పేగులో ఎప్పుడూ చెల్లదు.

మెల్బోర్న్ కూడా సొంత మందు చేసింది, కానీ పేగుకు కాదు. విల్క్స్ పెట్టిన సైటోపియా కంపెనీ జాక్ నిరోధకాల వెంట పడింది. జాక్2 కైనేజ్ భాగం నిర్మాణాన్ని 2006లో వెలువరించిన మొనాష్ బృందం ఆ కంపెనీతో కలిసే పనిచేసింది. సైటోపియాలో పుట్టిన మొమెలోటినిబ్ నాలుగు కంపెనీల చేతులు మారి, 2023 సెప్టెంబరులో రక్తహీనత ఉన్న మైలోఫైబ్రోసిస్ అనే ఎముక మజ్జ జబ్బు రోగులకు అమెరికా అనుమతి పొందింది. ఆ ఊళ్లో ప్రోటీను దొరకడానికీ ఈ మందు రావడానికీ మధ్య ముప్పై నాలుగేళ్లు.

ప్రమాదాలు

జాక్‌లు మోసేవి పేగు కబుర్లు మాత్రమే కాదు. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయెటిన్ జాక్2 మీద నడుస్తుంది. వైరస్‌లను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ జాక్1, టైక్2 మీద. అందుకే ఈ మాత్రల మీద ఉన్నవాళ్లకు హెర్పిస్ జోస్టర్, అంటే మన ఊళ్లలో సర్పి అనేది, ఎక్కువగా వస్తుంది. కొలెస్టరాల్ పెరుగుతుంది, ఉపాడాసిటినిబ్‌తో మొటిమలు రావడం మామూలు. గర్భిణులకు ఇవ్వరు.

పెద్ద భయం ఓరల్ సర్వైలెన్స్ అనే పరీక్ష నుంచి వచ్చింది. యాభై దాటిన, గుండెజబ్బు ముప్పు ఉన్న 4,362 మంది కీళ్లవాతం రోగులను సుమారు నాలుగేళ్లు గమనించారు. గుండెపోటు, పక్షవాతం వంటివి టోఫాసిటినిబ్‌తో 3.4 శాతం, టీఎన్ఎఫ్ మందులతో 2.5 శాతం. క్యాన్సర్లు 4.2కు 2.9. దీంతో అమెరికా నియంత్రణ సంస్థ 2021 సెప్టెంబరులో ఈ తరగతి మందుల హెచ్చరికలను కఠినం చేసింది. పాతికేళ్ల కొలైటిస్ రోగికి ఈ అంకెలు యథాతథంగా వర్తించవు. అరవై ఐదేళ్ల పొగతాగే మనిషికి మాత్రం డాక్టరు మరో మందు చూడాల్సిందే.

ఆస్ట్రేలియాలో, మన దగ్గర

ఆస్ట్రేలియాలో అల్సరేటివ్ కొలైటిస్‌కు జాక్ మాత్రలు ప్రభుత్వ మందుల పథకం పీబీఎస్ జాబితాలో ఉన్నాయి. స్పెషలిస్టు రాయాలి, జబ్బు తీవ్రత చూపించి ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత రోగి కట్టేది ఒక ప్రిస్క్రిప్షన్‌కు మామూలుగా 25 డాలర్లలోపే, 2026 జనవరి నుంచి. మిగతాది ప్రభుత్వమే భరిస్తుంది. జబ్బు అదుపులోకి వచ్చేలోపు బయట తిరగడం పెద్ద అవస్థ కాబట్టి క్రోన్స్ అండ్ కొలైటిస్ ఆస్ట్రేలియా సంస్థ సభ్యులకు ‘కాంట్ వెయిట్’ కార్డు ఇస్తుంది. దుకాణంలో అది చూపిస్తే సిబ్బంది టాయిలెట్ వాడుకోనిస్తారన్నది ఉద్దేశం. చిన్న అట్టముక్కే అయినా రైలెక్కడానికి భయపడే మనిషికి దాని విలువ తెలుసు.

భారత్‌లో కథ వేరు. ఇక్కడ టోఫాసిటినిబ్ జెనరిక్ రూపంలో చౌకగా దొరుకుతుంది, ఇంజెక్షన్ల ఖర్చు భరించలేనివాళ్లకు అదే దిక్కు. తీవ్రమైన దాడితో ఆసుపత్రిలో చేరిన 104 మంది మీద లూధియానాలో జరిగిన టాకోస్ పరీక్ష 2024లో అచ్చయింది. స్టెరాయిడ్‌కు టోఫాసిటినిబ్ జోడిస్తే ఏడో రోజుకు 83 శాతం మంది స్పందించారు, స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే 59 శాతం. పెద్దపేగు తీసేసే ఆపరేషన్ ముంగిట నిలబడ్డ రోగులకు ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర అదనపు చిక్కు క్షయ. పేగు క్షయ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది, ఒంట్లో నిద్రపోతున్న క్షయను ఈ మాత్ర లేపగలదు. అందుకే మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష, హెపటైటిస్-బి పరీక్ష, కొలెస్టరాల్, రక్తకణాల లెక్క చూస్తారు. వీలైతే సర్పికి జీవం లేని టీకా ముందే వేస్తారు.

మలంలో నెత్తురు కనిపిస్తే మొలలనో, అమీబా అనో నెలల తరబడి మందులు మింగడం తెలుగునాట ఇంకా ఉంది. మెల్బోర్న్ టార్నీట్‌లో ఉన్నా మెదక్‌లో ఉన్నా, రెండు మూడు వారాలకు తగ్గని రక్త విరేచనాలకు మల పరీక్ష, కొలనోస్కోపీ చేయించుకోవాలి. జాక్ మాత్ర చౌకగా దొరుకుతోంది కదా అని మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు, పేగుల డాక్టరు చీటీ మీదే మొదలుపెట్టండి, ఆపేటప్పుడూ ఆయన్నే అడగండి.